అన్నయ్య బరువు 148 కిలోలు, ఇంట్లో అందరూ "నోరు కట్టుకో" అనేవాళ్ళే. అసలు ఏం చేయాలి?

తెనాలి_చెల్లి
మా అన్నయ్యకి 34 ఏళ్ళు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, బరువు 148 కిలోలు. ఇంట్లో ఉన్న మిషన్ ఎక్కితే అంకె రాదు, ఎర్రర్ అని వస్తుంది. పోయిన నెల ఒక రాత్రి, కొట్టు కట్టేసే వేళ ఎవరూ లేకుండా చూసి మా బాబాయి బియ్యం కొట్లో కాటా మీద నిలబడ్డాడు. బస్తాలు తూచే కాటా. పక్కన నేనే ఉన్నాను. అంకె చూసి, చెప్పులేసుకుని, మాట్లాడకుండా వచ్చేశాడు.

మొన్న రేపల్లెలో పెళ్ళి. భోజనాల దగ్గర కూర్చోగానే ప్లాస్టిక్ కుర్చీ కాలు ఒకటి విరిగింది. బల్ల పట్టుకున్నాడు కాబట్టి పడలేదు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. క్యాటరింగ్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి తెచ్చి వేశాడు. పాపం, ఆ పిల్లాడు మంచికే చేశాడు. అన్నయ్య ఆకులో వడ్డించిన పులిహోర ముట్టుకోకుండా లేచి వెళ్ళి కారులో కూర్చున్నాడు. అప్పట్నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు.

బతిమాలి ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ చూసే పట్టీ చేతికి చుట్టుకోలేదు. మూడుసార్లు ఊడిపోయింది. నాలుగోసారి అలాగే చేత్తో నొక్కి పట్టుకుని చూసి 170 ఉందన్నారు. "తిండి తగ్గించి వాకింగ్ చెయ్" అని అయిదు నిమిషాల్లో పంపేశారు. ఇంట్లో అమ్మ పొద్దున్నే బూడిదగుమ్మడి రసం ఇస్తుంది. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నోరు కట్టుకోలేడా" అంటుంది. పడుకుంటే పక్క గదిలోకి వినిపించేంత గురక. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతుంది. నేను గోడకి చెవి పెట్టి మళ్ళీ మొదలయ్యేదాకా వింటూ ఉంటాను.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కందిపొడి
ఆ రెండు కుర్చీల సంగతి చదివి కళ్ళు తడిశాయి. మా చిన్నాన్న కూడా ఇలాగే పెళ్ళిళ్ళకి రావడం మానేశారు. మేం పొగరనుకున్నాం.

పొద్దున్నే_నడక
కఠినంగా అంటున్నాననుకోవద్దు. తినకుండా ఎవరూ అంత బరువు పెరగరు. రాత్రి అన్నం మానేయాలి, పొద్దున గంట నడవాలి. నేను 84 నుంచి 71కి వచ్చాను, ఆరు నెలల్లో. మనసు పెడితే అయ్యేదే. ఇంట్లోవాళ్ళు జాలి చూపిస్తే ఇంకా పాడైపోతాడు.

రెండోసారి_పెరిగా
నడక గారూ, మీరు 13 కిలోలు తగ్గారు, సంతోషం. నా సంగతి వినండి. 126 కిలోలుండేవాణ్ణి. అందరూ చేసిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ చేశాను. ఏడు నెలల్లో 94కి వచ్చాను. ఆఫీసులో సన్మానం కూడా చేశారు. మనసు పెట్టలేదని ఎవరూ అనలేరు కదా? రెండేళ్ళలో 131 అయ్యాను. తగ్గినదంతా వచ్చింది, పైన అయిదు కిలోల వడ్డీతో.

ఆ రెండేళ్ళ ఆకలి ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. కడుపు నిండా తిని చేయి కడుక్కుంటుండగానే తర్వాతి పూట ఏం తింటానా అని ఆలోచన. పక్కింట్లో తాలింపు వేస్తే చేస్తున్న పని ఆగిపోయేది. లావుగా ఉన్నప్పుడు కూడా నాకంత ఆకలి లేదు. తగ్గాకే వచ్చింది.

గోదారిగట్టు
మరి మా తాతల కాలంలో ఇంత భారీకాయాలు ఊరికి ఒకరో ఇద్దరో కూడా ఉండేవాళ్ళు కాదు. వాళ్ళకీ ఇవే శరీరాలు కదా. ఇప్పుడు కొందరంటున్నట్టు ఊబకాయానికి జబ్బు అని పేరు పెట్టేస్తే బాధ్యత తప్పించుకోవడం కాదా? అడుగుతున్నాను, గొడవకి కాదు.

ఎండో_పీజీ
ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల వైద్యం చదువుతున్నాను. ముందు తెనాలి చెల్లి గారికి ఒక మాట, మిగతా చర్చ తర్వాత. గురక మధ్యలో ఆగిపోవడం అన్నారే, దాన్ని వదిలేయకండి. గొంతు వెనక దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గంటకి 30 సార్లకి మించి అలా జరిగితే తీవ్రమైనదని లెక్క. మందులకి లొంగని బీపీకి, గుండె లయ తప్పడానికి అది పెద్ద కారణం. పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుందా? బండి నడుపుతాడా? ముందు ఆ పరీక్ష చేయించండి. బరువు తగ్గేదాకా ఆగాల్సిన పని లేదు.

రెండోది, బీపీ. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ 170 నిజమో కాదో ఎవరికీ తెలియదు. పెద్ద సైజు పట్టీ ఉంటుంది, అడగండి. లేదంటే వేరే చోటికి వెళ్ళండి. అడగడం మీ హక్కు.

ఇక "నోరు కట్టుకో" సంగతి. బరువుని శరీరం థర్మోస్టాట్ లాగా కాపలా కాస్తుంది. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టింది. అది కొవ్వు కణాల నుంచే వస్తుంది. నిల్వ ఎంత ఉందో మెదడుకి చెప్పే కబురు అది. బరువు తగ్గగానే ఆ కబురు తగ్గుతుంది. మెదడు కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. విశ్రాంతిలో వాళ్ళ శరీరం రోజుకి ఖర్చు పెట్టే శక్తి, ఆ బరువుకి ఉండాల్సినదానికంటే ఇంకా దాదాపు 500 కేలరీలు తక్కువే ఉంది. రెండోసారి పెరిగిన అన్న చెప్పిన ఆకలి ఊహ కాదు. హార్మోన్ల లెక్క.

గోదారిగట్టు గారూ, మీ ప్రశ్న మంచిదే. జన్యువుల వాటా 40 నుంచి 70 శాతం వరకు ఉంటుందని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కానీ గింజ ఒక్కటే ఉంటే మొలకెత్తదు, నేల కూడా కావాలి. తాతల కాలంలో ఆ నేల లేదు. ఇప్పుడుంది.

గోదారిగట్టు
నేల మాట బాగుంది. ఒప్పుకుంటాను. మా ఊళ్ళోనే చూస్తున్నా. సైకిళ్ళు పోయాయి, నాట్లు మిషన్లతో వేస్తున్నారు, సాయంత్రం అయిదింటికి బజ్జీల బండి దగ్గర జాతర. అన్నం మాత్రం పొలం పనికి వెళ్ళిన రోజుల్లో తిన్నంతే తింటున్నాం.

ఎండో_పీజీ
అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 25 దాటిన ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. మగవాళ్ళలో రెండు చోట్లా 30 శాతం దాటింది. మనం దేశం సగటు కంటే బాగా ముందున్నాం, ఈ విషయంలో అది మంచిది కాదు.

పొద్దున్నే_నడక
అంటే నడక దండగంటారా?

ఎండో_పీజీ
లేదండి. గుండెకి, షుగర్‌కి, నిద్రకి, మనసుకి నడక మందు. తగ్గిన బరువు నిలబెట్టుకోవడానికి కూడా. కానీ బీఎంఐ 51 ఉన్న మనిషికి నడక ఒక్కటే చెప్పి పంపితే మోకాళ్ళు పోతాయి, నమ్మకమూ పోతుంది. మీ 84కి, ఆయన 148కి వైద్యం ఒకటే కాదు. జ్వరానికీ టైఫాయిడ్‌కీ తేడా ఉన్నట్టే.

ఓరుగల్లు_పిల్ల
అన్న కాబట్టి ఇంతమంది జాలి చూపిస్తున్నరు. అదే ఆడపిల్ల అయితే? నాకు 29, 112 కిలోలు, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య. పెళ్ళిచూపులకి వచ్చిన ఒకావిడ మా అమ్మతోటి "ఫొటోలో ఇంత కనపడలేదు" అన్నది. నేను చాయ్ ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉన్న. ప్రతి క్లినిక్‌లో నా మోకాలు నొప్పి, నా జలుబు, నా నెలసరి, అన్నిటికీ ఒకటే మాట: బరువు తగ్గు. ఎట్ల తగ్గాలో ఒక్కరు చెప్పలేదు. ఒకసారి కడుపులో నొప్పి అని పోతే కూడా అదే చెప్పి పంపిన్రు. వారం తర్వాత వేరే చోట స్కానింగ్ చేస్తే పిత్తాశయం నిండా రాళ్ళు.

నాకు జబ్బు అన్న మాట కూడా నచ్చదు. నా ఒళ్ళంతా జబ్బు అన్నట్టు ఉంటది.

ఎండో_పీజీ
మీ కోపం న్యాయమైనది. ఈ మాట మీద డాక్టర్లలోనే చాలా చర్చ జరిగింది. 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఊబకాయాన్ని రెండుగా విడదీసింది. కొవ్వు ఎక్కువున్నా అవయవాలు బాగా పనిచేస్తుంటే ఒక దశ, ఊపిరి, గుండె, కాలేయం, కీళ్ళు దెబ్బతినడం మొదలైతే ఇంకో దశ. రెండోదాన్నే జబ్బుగా చూసి వైద్యం చేయమంది. బీఎంఐ ఒక్కటే చూసి తేల్చొద్దని, నడుము కొలత కూడా చూడమని చెప్పింది. మనవాళ్ళకి మగవాళ్ళలో 90, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ఇంకోటి, పిత్తాశయంలో రాళ్ళు ఎక్కువ బరువున్నవాళ్ళలో మామూలు. ఆ నొప్పిని అందుకే ముందు అనుమానించాలి.

డైటీషియన్_బెజవాడ
తెనాలి చెల్లీ, గుమ్మడి రసం ఆపమని అమ్మగారితో గొడవ పెట్టుకోకండి. దానివల్ల నష్టం లేదు, అది చాలదు, అంతే. నేను అడిగేవి వేరే. అన్నయ్య ఉద్యోగం ఏంటి? ఎన్నింటికి పడుకుంటాడు? రోజులో మొదటి ముద్ద ఎప్పుడు? ఏ మందులు వాడుతున్నాడు? కొన్ని మానసిక వైద్యం మందులు, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకూడదు. డాక్టర్‌ని అడిగి మార్పించుకోవచ్చు.

తెనాలి_చెల్లి
తొమ్మిదేళ్ళుగా రాత్రి షిఫ్ట్, అమెరికా క్లయింట్లు. 2020 నుంచి ఇంటి నుంచే. తెల్లవారుజామున మూడింటికి తింటాడు. పొద్దున ఏడింటికి పడుకుని ఒంటి గంటకి లేస్తాడు. నాన్నగారు పోయాక మొదలైంది ఇదంతా. అప్పటికి 92 ఉండేవాడు. మందులేవీ లేవు. పగలు కునుకు నిజమే, మీటింగులో కూడా పడుతుందట.

డైటీషియన్_బెజవాడ
అయితే ముందు తిండి లెక్క కాదు, నిద్ర లెక్క సరిచేయాలి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అదీ తీపికి, వేపుళ్ళకి మనసు లాగుతుంది. ఎండో గారు చెప్పిన పరీక్షే మొదటి మెట్టు.

తిండి విషయంలో ఒకటే చెబుతా ఇప్పటికి. మన కంచంలో అన్నం కొండ, పప్పు ఏరు, కూర పిట్టంత. దాన్ని తిరగేయండి. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తిని, తర్వాత అన్నం పెట్టుకోమనండి. మూడింటి ఆకలికి గదిలో జంతికల డబ్బా బదులు ఉడికించిన శనగలో, పెరుగో ఉంచండి. ఇంటి నూనె లెక్కేయండి. మనిషికి రోజుకి పాతిక, ముప్పై గ్రాములు చాలు. అంటే నలుగురుంటే నెలకి మూడు, నాలుగు లీటర్లు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో నెలకి ఎనిమిది చెప్పినవాళ్ళున్నారు. ఇది అన్నయ్యకి ఒక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ పెట్టండి. ఒక్కడికి వేరే వండి ముందు పెడితే అది శిక్షలా ఉంటుంది.

కందిపొడి
ఎనిమిది లీటర్లా! ఇప్పుడే లేచి వెళ్ళి మా నూనె డబ్బా చూసొచ్చా. ఇంకేం మాట్లాడను.

సర్జరీ_తర్వాత_నేను
నాలుగేళ్ళ కింద హైదరాబాద్‌లో స్లీవ్ అనే బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నా. అప్పుడు 139, ఇప్పుడు 93. మంచీ చెడూ రెండూ రాస్తాను.

జీర్ణాశయంలో ముప్పావు వంతు పైగా కోసి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. చిన్న రంధ్రాలతోనే చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతో పోతుంది. అందుకే మొదటి ఏడాది నాకు ఆకలంటే ఏంటో మర్చిపోయినట్టుంది. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచి ద్రవాహారమే, కాలేయం కుంచించుకుని డాక్టర్లకి దారి ఇవ్వాలని. తర్వాత నెల రోజులు నీళ్ళు, మజ్జిగ, మెత్తగా చేసినవి. నీళ్ళు గటగటా తాగలేం. గుక్క గుక్క. వేసవిలో అది నరకం.

మూడో నెలలో జుట్టు గుప్పిళ్ళతో రాలింది. ఏడో నెలకి ఆగింది. ఛాతీలో మంట ఇప్పటికీ ఉంది. స్లీవ్ తర్వాత కొందరికి వస్తుందని ముందే చెప్పారు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. ఒక ఏడాది బద్ధకించి మానేస్తే కాళ్ళు తిమ్మిర్లెక్కాయి. ఖర్చు మాకు నాలుగు లక్షల చిల్లర అయింది.

మళ్ళీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటా. మా పాపతో పాటు గచ్చు మీద కూర్చుని లేవగలుగుతున్నా.

కందిపొడి
మా అమ్మ సర్జరీ అనగానే "ఆర్తీ అగర్వాల్‌కి ఏమైందో తెలియదా" అంటుంది. భయం కదా.

సర్జరీ_తర్వాత_నేను
మా ఇంట్లోనూ అదే మాట. 2015లో ఆమె పోయినప్పుడు పేపర్లలో వచ్చింది లైపోసక్షన్ గురించి. అది చర్మం కింద కొవ్వు పీల్చే అందం ఆపరేషన్. ఆకలిని, షుగర్‌ని అది మార్చదు. ఇది వేరు. కానీ పొట్ట ఆపరేషన్ కాబట్టి లీకేజీ, రక్తస్రావం, కాళ్ళలో గడ్డలు లాంటి ప్రమాదాలు కొద్దిమందికి ఉంటాయి. రోజూ ఇవే చేసే సర్జన్ల దగ్గరికి, ఐసీయూ ఉన్నచోటికి వెళ్ళాలి. అమ్మగారిని కూడా కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళండి. మా అమ్మ సర్జన్‌ని గంట ప్రశ్నలడిగింది.

బీమా_బాబాయ్
ఆరోగ్య బీమాలో పనిచేసి రిటైరయ్యాను. చాలామంది ఇది పాలసీలో రాదనుకుని అడగనే అడగరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ప్రకారం కొన్ని షరతులు నెరవేరితే ఊబకాయ సర్జరీని మినహాయింపు కింద తోసిపుచ్చకూడదు. డాక్టర్ సిఫార్సు ఉండాలి. వయసు 18 నిండాలి. బీఎంఐ 40 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. లేదా 35 గానీ, పైన గానీ ఉండి తోడు గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపు తప్పిన షుగర్ లాంటివి ఉండి, మామూలు పద్ధతులతో తగ్గకపోయి ఉండాలి. మీ అన్నయ్యకి 51 అన్నారు. పాలసీ కాగితం తీసి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం) ఎంతో చూడండి. పాత ప్రిస్క్రిప్షన్లు, డైట్ చార్టులు పారేయకండి. ముందస్తు అనుమతి తీసుకోకుండా అడ్మిట్ అవ్వకండి. బీమా లేనివాళ్ళు పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో అడగండి. ఉస్మానియాలో ఈ ఆపరేషన్లు చేశారు.

డల్లాస్_రావు
బరువు తగ్గించే ఇంజక్షన్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఇక్కడ మా ఆఫీసులో సగం మంది దాని మీదే ఉన్నారు. ఇండియాలో కూడా 2025 మార్చిలో మౌంజారో (మందు పేరు టిర్జెపటైడ్), జూన్‌లో వీగోవీ (సెమాగ్లుటైడ్) వచ్చాయి కదా. నేను 14 నెలలుగా టిర్జెపటైడ్ వాడుతున్నా. 118 నుంచి 97. వికారం, మలబద్ధకం మొదటి రెండు నెలలు ఏడిపించాయి. కానీ ఆ గోల ఆగింది. బుర్రలో ఎప్పుడూ తిండి గురించి నడిచే గోల. పొద్దున్నే లేచి దోసె రెండు తిని, మూడోది వద్దనిపించిన రోజు మా ఆవిడ నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

రెండోసారి_పెరిగా
ఆపేస్తే?

ఎండో_పీజీ
అసలు ప్రశ్న అదే. సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 20 శాతం పైగా తగ్గారు. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళకి ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే. కాబట్టి నెల ఖర్చు ఎంతకాలం భరించగలమో ముందే కూర్చుని లెక్కేసుకోవాలి. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్ళు తప్పకుండా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మితే కొనుక్కుని పొడుచుకోవద్దు.

బీఎంఐ 50 దాటినవాళ్ళకి సర్జరీతో తగ్గేది ఎక్కువ. స్లీవ్‌తో మొత్తం బరువులో సుమారు పావు వంతు, గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్ట ఆపరేషనే)తో ఇంకొంచెం ఎక్కువ. కొందరికి ముందు ఇంజక్షన్, తర్వాత సర్జరీ. ఈ రెండూ చేయకపోయినా, 5 నుంచి 10 శాతం తగ్గినా చాలు, షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్ మెరుగుపడతాయి. అన్నయ్య విషయంలో అది 7 నుంచి 15 కిలోలు. 70కి రావాలని పెట్టుకుంటే మొదటి మెట్టు మీదే కూలబడతాడు.

గది_బయట
ఆ అన్నయ్యని నేనే.

చెల్లి లాప్‌టాప్ తెరిచి వదిలేసి వెళ్ళింది. మొదటి నుంచీ చదివాను. నన్నడగకుండా నా కాటా సంగతి, కుర్చీ సంగతి ఇంతమంది ముందు పెట్టింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

ఒకటి సరిదిద్దాలి. ఆ కాటా పాతది. మొన్న ఆసుపత్రిలో తూచారు. 152.

నడక గారూ, మీరన్న మాట నాకు రోజూ నేనే చెప్పుకుంటాను, మీకంటే గట్టిగా. తొమ్మిదేళ్ళుగా. జిమ్ముకి మూడుసార్లు డబ్బు కట్టాను. మూడోసారి ట్రెడ్‌మిల్ మీద రాసున్న బరువు పరిమితి చదివి దిగి వచ్చేశాను. రెండోసారి పెరిగిన అన్నా, మీరు రాసిన ఆకలి... దాన్ని ఇంకొకరు మాటల్లో పెట్టడం నేను మొదటిసారి చూశాను. నా ఒక్కడికే ఉందనుకున్నా.

పొద్దున్నే_నడక
తమ్ముడూ, క్షమించు. జాలి చూపిస్తే పాడైపోతాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు అనిపించిన రోజు తెనాలి వస్తాను, కాలవ గట్టు మీద పది నిమిషాలు నడుద్దాం. పదే.

గది_బయట
పది కాదు, నాలుగు నిమిషాలకే ఆయాసం వస్తోంది. నాలుగుతో మొదలుపెడదాం.

ఓరుగల్లు_పిల్ల
అన్నా, కోపం వచ్చినా చెల్లెను మాట్లాడకుండా ఉంచకండి. నాకు అట్ల గోడకు చెవి పెట్టి వినే మనిషి లేదు.

తెనాలి_చెల్లి
మూడు వారాలైంది, రాస్తానని మాటిచ్చాను. ఈసారి అన్నయ్యని అడిగే రాస్తున్నాను.

గుంటూరులో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. లోపలికి వెళ్ళగానే నేను పెద్ద పట్టీ అడిగాను. సొరుగులోంచి తీశారు. బీపీ 148/94. ఉంది గానీ, 170 కాదు. నిద్ర పరీక్ష ఇంట్లోనే చేశారు, వేలికి ఒకటి, ముక్కు దగ్గర ఒకటి, ఛాతీకి పట్టీ. గంటకి 61 సార్లు. ఆక్సిజన్ 72 దాకా పడిందట. మూడు నెలల షుగర్ 6.3, అంటే అంచు మీద ఉన్నాడు. డాక్టర్ లెటర్ పెట్టి ఆఫీసులో పగటి షిఫ్ట్‌కి మార్పించుకున్నాడు. నిద్రలో గొంతు దారి మూసుకుపోకుండా మాస్క్‌లోంచి గాలి పంపే సీప్యాప్ మెషిన్ అద్దెకి తెచ్చాం. మొదటి రాత్రి ముఖానికి ఆ మాస్క్ పెట్టుకోలేక రెండుసార్లు తీసేశాడు. నాలుగో రాత్రి ఆరు గంటలు పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. గురక లేదు కదా, బతికే ఉన్నాడా అని లేచి తలుపు తీసి చూశాను.

పొద్దున లేచి "తల బరువుగా లేదే" అన్నాడు. తలనొప్పి రోజూ ఉంటుందని మాకెప్పుడూ చెప్పలేదు. అందరికీ ఉంటుందనుకున్నాడట.

పాలసీలో ఇంకా అయిదు నెలల వెయిటింగ్ ఉంది. అమ్మ నిన్న వడ్రంగిని పిలిపించింది. భోజనాల బల్లకి చేతుల్లేని వెడల్పాటి టేకు కుర్చీలు, నాలుగూ ఒకేలా చేయమంది. ఒక్కటే చేయిస్తే బాగోదని ఆవిడే అంది. పెద్దమ్మ ఫోన్ వస్తే ఇప్పుడు అమ్మే "వైద్యం చేయిస్తున్నాం అక్కా" అని పెట్టేస్తోంది.

బీమా_బాబాయ్
అయిదు నెలలు మంచిదే అనుకో. ఈలోపు డాక్టర్, డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ కాగితం మీద రాయించుకోండి. క్లెయిమ్ రోజున అవే మాట్లాడతాయి.

రెండోసారి_పెరిగా
నేను కూడా నిద్ర పరీక్షకి పేరు రాయించుకున్నా. మా ఆవిడ గురక ఆగుతుందని ఏళ్ళ నుంచి చెబుతోంది, నేనే నవ్వేసేవాణ్ణి.

గది_బయట
సీప్యాప్ వాడేవాళ్ళెవరైనా చెప్పండి. మా దగ్గర రాత్రి ఒంటిగంటకి కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద రాత్రంతా లాగుతుందా? నిన్న పోయినప్పుడు మాస్క్‌తో సహా లేచి కూర్చున్నా.

సర్జరీ_తర్వాత_నేను
లాగుతుంది. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్ వేడి ఆపేస్తే ఇంకా తక్కువ కరెంటు తీసుకుంటుంది. నేను సర్జరీకి ముందు ఏడాది పాటు అలాగే నెట్టుకొచ్చా. మీ మెషిన్ మోడల్ రాయండి, ఎన్ని వాట్లో చూసి చెప్తా.